నిమ్మచెట్టుకు కత్తెర పెట్టే ముందు

మీ పెరట్లోనో, ఇంటి ముందు కాస్త జాగాలోనో, మేడ మీద పెద్ద డ్రమ్ములోనో నిమ్మచెట్టు ఉందా? ఉంటే ఇది మీకోసమే రాస్తున్నాను. లేకపోయినా చదవండి. చెట్టు గురించే మొదలుపెడుతున్నా గానీ, మధ్యలో మా మామయ్య వస్తారు, మా వాడు వస్తాడు, పక్కింటి పాప కాలు కూడా వస్తుంది.

మా వాడు మన స్కూల్లో తొమ్మిదో తరగతి. మేం నెల్లూరులో ఉంటాం. నేను బ్యాంకులో పనిచేస్తాను, తోటల గురించి చదువుకున్న మనిషిని కాను. నిమ్మ గురించి నాకు తెలిసిందాంట్లో ముప్పాతిక మా మామయ్య దగ్గర చూసి నేర్చుకున్నదే. ఆయన సైదాపురం వైపు పల్లెలో ముప్పై ఏళ్లకు పైగా నిమ్మతోట చేశారు. గూడూరు మార్కెట్‌కు బస్తాలు తోలి, ధర పలికిన రోజు నవ్వుతూ, పలకని రోజు మాట్లాడకుండా ఇంటికి వచ్చిన మనిషి.

చెట్టు కత్తిరించాలనుకున్న వాళ్లలో చాలామంది ముందు ఫోన్ తీసి వీడియోలు చూస్తారు. చూడండి, తప్పేం లేదు. కానీ ఆ వీడియోల్లో కనిపించే ‘లెమన్’ వేరు, మన నిమ్మ వేరు. వాళ్లది పెద్దగా, కోలగా, మందపు తొక్కతో ఉండే పసుపు కాయ. దాని శాస్త్రీయ నామం సిట్రస్ లిమన్. మనది చిన్నగా, గుండ్రంగా, కాగితంలా పలచని తొక్కతో ఉంటుంది. కాగ్జీ నిమ్మ అంటారు, శాస్త్రీయ నామం సిట్రస్ ఆరంటిఫోలియా. మంచు కురిసే దేశాల వాళ్లు చలికాలం వెళ్లాక కత్తిరించమంటారు, ఎందుకంటే లేత చిగురు మంచుకు మాడిపోతుంది. మనకు మంచు భయం లేదు. మనకున్నది వాన భయం.

వానతో భయమేమిటంటే గజ్జి తెగులు. ఆకుల మీద, కాయల మీద, పుల్లల మీద గరుకుగా గోధుమరంగు మచ్చలు, చుట్టూ పసుపుపచ్చని వలయం కనిపిస్తే అదే. బ్యాక్టీరియా వల్ల వస్తుంది. వాన చినుకులతో పాటు ఎగిరి, ఎక్కడ గాయం ఉంటే అక్కడ దూరుతుంది. కత్తిరించిన ప్రతి చోటూ చెట్టుకు గాయమే కదా. అందుకని వానల్లో కత్తెర పట్టకూడదు. నెల్లూరు, తిరుపతి వైపు మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి మా మామయ్య ఎప్పుడూ సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా ముహూర్తం పెట్టేవారు. వానలు వెళ్లిపోయి ఉంటాయి, జనవరి, ఫిబ్రవరి పూతకు ముందొచ్చే చిగురు ఇంకా పగలదు. నల్గొండ, హైదరాబాద్ వైపు వానలు ముందే తగ్గుతాయి గనుక అక్కడి వాళ్లకు ఇంకొంచెం ముందే వీలవుతుంది.

అయితే నిమ్మకు ఒక చిక్కుంది. మామిడిలా ఏడాదికొకసారి పూసి ఊరుకోదు. జనవరి, ఫిబ్రవరిలో ఒకసారి, జూన్, జూలైలో ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరులో ఒకసారి గట్టిగా పూస్తుంది, మధ్యలోనూ అక్కడక్కడా పూస్తూనే ఉంటుంది. పూత కాయై కోతకు రావడానికి ఐదారు నెలలు. అంటే మీరు ఏ రోజు కత్తెర పట్టుకు వెళ్లినా చెట్టు మీద పువ్వో, పిందో, కాయో ఉండనే ఉంటుంది. అది చూసి చెయ్యి ఆడదు. ఎంతో కొంత పోగొట్టుకోవడానికి సిద్ధపడే ఈ పని మొదలుపెట్టాలి.

ఇక మా చెట్టు సంగతి. 2014లో తోట అమ్మేసి నెల్లూరు వచ్చేశాం. అప్పుల లెక్కలు వేరే కథ, ఇక్కడ వద్దు. వచ్చేటప్పుడు మామయ్య ఒక పాత సిమెంటు సంచిలో మట్టితో సహా ఒక మొలకను తెచ్చారు, తోటలో ఆయనకు ఇష్టమైన చెట్టు కాయ నుంచి పుట్టింది. గింజ మొలక తల్లిలా ఉంటుందా అని మీకు అనుమానం రావచ్చు. నిమ్మలో ఒక వింత ఉంది. ఒక్క గింజను నాటితే రెండు, మూడు మొలకలు రావడం మామూలే. వాటిలో ఎక్కువ భాగం పుప్పొడితో సంబంధం లేకుండా తల్లి కణాల నుంచే పుట్టినవి, అంటే తల్లిచెట్టుకు అచ్చు నకళ్లు. ఇంట్లో పిల్లలుంటే ఒక గ్లాసులో నాలుగు గింజలు వేసి చూపించండి, బయాలజీ పాఠం కన్నా బాగా గుర్తుంటుంది. మేం అమ్మేసిన తోటలో ఇప్పుడు ఇళ్ల స్థలాల రాళ్లు పాతారు. ఆ తోటలో మిగిలింది మా ప్రహరీ పక్కనున్న ఈ ఒక్క చెట్టే.

దాన్ని మామయ్య ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. కాయలు కోసుకోండి, కొమ్మ జోలికి రాకండి అనేవారు. ఏటా సంక్రాంతి సెలవుల్లో ఆయనొక్కరే కటర్ పట్టుకుని చెట్టు చుట్టూ తిరిగేవారు. మేం కాఫీ అందిస్తే చాలు.

2023 ఆగస్టులో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి, దాంతో పాటు మాట. కాలు ఆరేడు నెలల్లో కొంత దారికొచ్చింది, కర్ర పట్టుకుని పెరట్లోకి నడుస్తారు. చెయ్యి రాలేదు. అన్నిటికన్నా కష్టం మాటతోనే. మనం చెప్పేది అంతా అర్థమవుతుంది, ఆయన చెప్పాలనుకున్నది కూడా ఆయన మనసులో స్పష్టంగానే ఉంటుంది, కానీ నోట్లోంచి వేరే మాట వస్తుంది. మంచినీళ్లు కావాలంటే ‘తలుపు’ అంటారు. తలుపు వేయబోతే కోపం. మీ ఇళ్లలో ఇలాంటి పెద్దవాళ్లుంటే మీకు తెలిసే ఉంటుంది, ఆ కోపం మన మీద కాదు, తనలోనే ఎక్కడో జారిపోయిన మాట మీద. కొన్నాళ్లకు ఆయన మాట్లాడటమే మానేశారు. అత్తయ్య అడిగినదానికి తల ఊపడం, అంతే.

చెట్టుకు ఆ ఏడు కత్తెర పడలేదు. ఆపై 2024 మే నెలలో, వీధి వైపు కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని ఎవరో మనుషులు వచ్చి ఆ వైపంతా మొండిగా నరికేసి వెళ్లారు. మేం ఇంట్లో లేని సమయంలో జరిగింది. తీగలకు కొమ్మలు తగలకూడదు, నిజమే. కానీ నిమ్మను అలా నరికితే ఏమవుతుందో మీరు తెలుసుకోవాలి. వేర్లు ఎన్ని ఉన్నాయో అన్నీ అలాగే ఉన్నాయి, పైన మాత్రం సగం చెట్టే మిగిలింది. కింది నుంచి వచ్చే బలమంతా ఆ మోళ్లలోంచి ఎగదన్నుకొచ్చింది. నిటారుగా, బొటనవేలంత లావున, పెద్ద పెద్ద ఆకులతో, వేలెడు ముళ్లతో కొమ్మలు పుట్టాయి. వీటిని నీరు కొమ్మలు అంటారు. చూడటానికి చెట్టు ఎంత ఏపుగా ఉందో అనిపిస్తుంది. తొందరగా కాపు పట్టవు, తినడం మాత్రం అన్నీ తినేస్తాయి. ఆరు నెలల్లో అవి ఆరడుగులు దాటాయి.

అటువైపు గోడ మీదుగా పక్కింట్లోకి వాలిన ఒక పెద్ద కొమ్మ ఉంది. దాని ఎండుపుల్లలు వాళ్ల వాకిట్లో రాలుతుండేవి. డిసెంబరులో వాళ్ల పాప, ఎల్‌కేజీ చదివే పిల్ల, చెప్పుల్లేకుండా ఆడుకుంటుంటే అరికాల్లో నిమ్మముల్లు దిగి లోపలే విరిగింది. ఆసుపత్రిలో కోసి తీశారు. కాలు వాచి పది రోజులు నడవలేదు. వాళ్లమ్మ మంచి మనిషి. గొడవ పడలేదు, గేటు దగ్గర నిలబడి నెమ్మదిగా, “అక్కా, పండక్కి ముందే ఆ చెట్టు సంగతి చూడండి” అంది. అలా నెమ్మదిగా అడిగిన మాటకు జవాబు చెప్పడం ఎంత కష్టమో!

మా ఆయన చెన్నైలో పనిచేస్తారు, వారానికోసారి వస్తారు. ఫోన్లో విషయం చెబితే, “తీయించేద్దాం. ఎవరు చూస్తారు దాన్ని ఇప్పుడు?” అన్నారు. ఫోన్ స్పీకర్లో ఉంది. హాల్లో మామయ్య కూర్చుని ఉన్నారు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

మర్నాడు ఉదయం నేను వంటింట్లోంచి చూసేసరికి ఆయన చెట్టు కింద నిలబడి ఉన్నారు. కర్రను గోడకు ఆనించి, ఎడమచేత్తో కటర్ పట్టుకుని ఒక ఎండుపుల్లను నొక్కుతున్నారు. అది కుడిచేతి వాటం కటర్, పైగా రెండేళ్లుగా నూనె లేక బిగుసుకుపోయింది. పుల్ల నలిగింది గానీ తెగలేదు. మా వాడు అప్పుడు ఎనిమిదో తరగతి, సంక్రాంతి సెలవులు. పళ్లు తోముకుంటూ పెరట్లోకి వచ్చినవాడు బ్రష్ నోట్లోనే ఉంచుకుని తాత చేతిలోంచి కటర్ తీసుకుని ఆ పుల్ల తెంపాడు. అలా మొదలైంది.

మొదటి గంట ఏమీ సాగలేదు. మామయ్య కర్ర ఎత్తి చూపించేవారు. ఆ కర్ర కొసన పది కొమ్మలు అల్లుకుని ఉంటే ఏది అని తెలుస్తుంది? “ఇదా తాతా? ఇదా?” అని వాడు అడగడం, ఆయన ఏదో చెప్పబోయి “కాలు... కాలు” అనడం, తర్వాత కర్ర విసిరికొట్టడం. నేను వెళ్లి ఇద్దరినీ లోపలికి రమ్మన్నాను. వాళ్లు రాలేదు.

దారి చూపించింది ముళ్లే. అత్తయ్య ఒక పాత పంచెను చించి, వెడల్పు పీలికలు చేసి కట్టుకోమని ఇచ్చింది, గుర్తు కోసం. ఒంటిచేత్తో ముడి వేయడం మామయ్య వల్ల కాదు. ఆయన పీలికను అలా ముల్లుకు తగిలించి వదిలేశారు. అది జారలేదు. ఇంకొకటి తగిలించారు. అందని చోటికి కర్ర కొసన పీలిక పెట్టి పైకెత్తి తగిలించారు. అరగంటలో చెట్టు నిండా తెల్ల పీలికలు. పీలిక ఉన్న కొమ్మ పోవాలి, లేనిది ఉండాలి. అంతే, మాటతో పనిలేదు.

ఆ పీలికలు ఎక్కడెక్కడ పడ్డాయో నేను జాగ్రత్తగా చూశాను. ఎందుకు అక్కడ పడ్డాయో తర్వాత ఉద్యాన శాఖ పుస్తకాల్లో చదివితే ప్రతిదానికీ కారణం దొరికింది. మీకు పనికొచ్చేది అదే కాబట్టి చెబుతాను.

మొట్టమొదట ఎండినవి. ఎండిందో లేదో అనుమానం ఉంటే గోటితో బెరడు గీరండి, కింద పచ్చగా ఉంటే బతికే ఉంది. ఎండుకొమ్మను ఎండినంత మేరకే కాదు, పచ్చగా ఉన్న భాగంలోకి రెండు వేళ్ల మేర దిగి కత్తిరించాలి, లేకపోతే ఆ ఎండు కిందికి పాకుతూ వస్తుంది. తర్వాత గజ్జి మచ్చలున్న పుల్లలు. ఆపై చెట్టు నడిమధ్యలోకి తిరిగి పెరిగినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి. రెండు కొమ్మలు రాసుకుంటే రెంటికీ గాయమే, అందులో ఒకదాన్ని ఉంచాలి. ఆ ఉంచేది లావుగా ఉన్నది కానక్కర్లేదు, బయటి వైపుకు తిరిగినది అయితే మేలు. ఇంక నేలకు వాలినవి. కింది కొమ్మలకు, నేలకు మధ్య రెండడుగులైనా ఖాళీ ఉండాలి. వాన పడ్డప్పుడు చిందిన మట్టితో పాటు శిలీంధ్రం పైకెక్కి ఆకులకు, మానుకు అంటుకుంటుంది. మాను నుంచి బంక కారడం చూశారా ఎప్పుడైనా? ఆ జబ్బుకు ఇదొక దారి.

మీరు నర్సరీలో అంటు మొక్క కొని ఉంటే ఇంకొకటి చూడాలి. అంటు కట్టిన చోటుకి కింద నుంచి పుట్టే పిలకలు మీ నిమ్మవి కావు. ఎక్కువగా జంబేరి వేరు మొక్క మీద కడతారు, ఆ పిలకల ఆకు తేడాగా ఉంటుంది. వదిలేస్తే నాలుగేళ్లకు మీ పెరట్లో జంబేరి చెట్టు ఉంటుంది, నిమ్మ ఉండదు. కనిపించిన రోజే చేత్తో లాగేయండి, వాటికి సంక్రాంతి దాకా ఆగక్కర్లేదు.

వీధి వైపు నీరు కొమ్మల విషయంలో నేను ఆశ్చర్యపోయాను. అన్నిటికీ పీలిక పడుతుందనుకున్నాను. పదకొండు ఉన్నాయి, తొమ్మిదింటికే తగిలించారు. రెండింటిని వదిలారు, కొంచెం పక్కకు వంగి, తీగలకు దూరంగా ఖాళీ వైపుకు చూస్తున్నవాటిని. వాటి కొసలు మాత్రం నడుమెత్తులో తుంచమని సైగ చేశారు. కొస తుంచితే పక్క కొమ్మలు వేస్తాయి, ముదిరాక అవే కాపు కొమ్మలవుతాయి. పోయిన వైపు చెట్టును తిరిగి కట్టుకోవడానికి ఉన్న సరుకు అవే మరి.

మొత్తం మీద ఆకులో నాలుగో వంతు దాటి పోకుండా చూసుకోండి. పీలికలు అంతకు మించి ఉంటే మిగతావి వచ్చే ఏడాదికి. నిమ్మ మాను బెరడు ఎండకు ఓర్వదు, నీడలో పెరిగిన బెరడు మీద ఒక్కసారిగా ఎండ పడితే పగులుతుంది. మానుకు, ఎండపడిన లావు కొమ్మలకు సున్నం కొట్టేది అందుకే, అందం కోసం కాదు.

పిల్లల చేత చేయిస్తుంటే కొన్ని జాగ్రత్తలు. మా వాడికి వాళ్ల నాన్న స్కూటర్ హెల్మెట్ పెట్టి, అద్దం కిందికి దించి, ఫుల్ చేతుల చొక్కా వేశాను. వీధిలో పోయేవాళ్లు నవ్వారు, నవ్వనీండి. నిమ్మముల్లు కంటి ఎత్తులో ఉంటుంది. చేతులకు, ముఖానికి కాయ రసం అంటితే సబ్బుతో కడిగించి అప్పుడు ఎండలోకి పంపండి. నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలొచ్చి, నల్లమచ్చలు వారాల తరబడి ఉండిపోతాయి. ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు వెళ్లేముందు, ముఖ్యంగా మచ్చలున్న పుల్ల కోశాక, కటర్‌ను స్పిరిట్ దూదితో తుడవాలి. ఆ పని ఒక చిన్న పిల్లకో పిల్లాడికో అప్పగిస్తే శ్రద్ధగా చేస్తారు.

కోసిన చోట పూసే మందు మాత్రం పెద్దవాళ్ల పని. బోర్డో పేస్టు అంటారు. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరు నీళ్లలో విడివిడిగా కలిపి, రెంటినీ మూడో ప్లాస్టిక్ బకెట్లోకి ఒకేసారి పోస్తూ కలపాలి. ఇనుప గిన్నెలు పనికిరావు. ఒక ఇనుప మేకు ముంచి తీసి చూడండి, దాని మీద ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం వేయాలి. లేత నీలంగా, చిక్కగా వస్తుంది, ఆ రోజే వాడేయాలి. మైలుతుత్తం విషం, కంటికీ నోటికీ దూరం. మిగిలిన పొడిని పిల్లలకు అందని చోట పెట్టండి.

డ్రమ్ముల్లో పెంచే వాళ్లకు ఇంత హంగామా అక్కర్లేదు. కొసలు తుంచుతూ గొడుగులా ఉంచుకుంటే చాలు. వేర్లకు చోటు తక్కువ కాబట్టి పైన కూడా తక్కువే ఉండాలి.

రెండో రోజు సాయంత్రానికి పీలికలున్న కొమ్మలన్నీ అయిపోయాయి. పక్కింట్లోకి వాలిన పెద్ద కొమ్మకు పీలిక లేదు. నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. మామయ్య దాని దగ్గరికి వెళ్లడం, చూడటం, వెనక్కి రావడం. ఎందుకో నాకు తెలుసు. చెట్టు మొత్తానికి ఎక్కువ కాయ కాసేది ఆ కొమ్మే, తూర్పు ఎండ దానికే తగులుతుంది. కింది ఎండుపుల్లలు మాత్రం తీయించి, కొమ్మను వదిలేశారు. నేనేమీ అనలేదు. పక్కింటావిడకు ఏం చెప్పాలా అని మాత్రం ఆలోచిస్తున్నాను.

మూడో రోజు పొద్దున ఆవిడే వచ్చింది, పిండివంటలు పట్టుకుని, పాప చెయ్యి పట్టుకుని. పాప ఇంకా కాలి మడమ మీద కుంటుతోంది. అరుగు మీద మామయ్య పక్కన కూర్చుని, అడగకుండానే చెప్పు విప్పి అరికాలు చూపించింది. “ఇక్కడ కోశారు తాతా” అంది. ఆయన ఎడమచేత్తో ఆ కాలు పట్టుకుని చాలాసేపు చూశారు. ఏదో అనబోయారు, రాలేదు. పాపకు మాత్రం ఆయన మాట్లాడకపోవడం వింతగా అనిపించినట్టు లేదు, గజ్జెలు కూడా చూపించింది.

వాళ్లు వెళ్లాక ఆయన లేచి, కర్ర కొసన పీలిక పెట్టి, ఆ పెద్ద కొమ్మకు తగిలించారు.

మా వాడు, “తాతా, ఇది కూడానా?” అన్నాడు. ఆయన తల ఊపారు.

అంత లావు కొమ్మకు కటర్ చాలదు, రంపం కావాలి. ఇక్కడ ఒక పద్ధతి ఉంది, తప్పకుండా పాటించండి. ముందు మానుకు జానెడు దూరంలో కొమ్మ అడుగు వైపు నుంచి మూడో వంతు కోయాలి. తర్వాత ఇంకొంచెం బయటికి జరిగి పైనుంచి కోస్తే కొమ్మ విరిగి పడుతుంది, బెరడు చీలుకుంటూ మాను దాకా పోదు. మిగిలిన మోడును చివరగా, కొమ్మ పుట్టిన చోట ఉంగరంలా ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని ముట్టుకోకుండా దానికి ఆనుకుని తీసేయాలి. గాయాన్ని మాన్పేది ఆ ఉబ్బే. మానుకు సమానంగా నున్నగా కోస్తే గాయం మానదు, పొడుగ్గా మోడు వదిలితే కుళ్లుతుంది. కొమ్మ పక్కింట్లో పడకుండా నేను, ఆ రోజు చెన్నై నుంచి వచ్చిన మా ఆయన తాడు కట్టి పట్టుకున్నాం. మా వాడు కోశాడు. మామయ్య ఎడమ చెయ్యి వాడి భుజం మీదే ఉంది. రంపం వంకర పోయినప్పుడల్లా ఆ చెయ్యి నొక్కేది. ఆ కొమ్మ మీద అరవై పైనే పచ్చికాయలు ఉన్నాయి. ఊరగాయ పెట్టాం. ఆకుల మధ్య ఒక పాత పిగిలిపిట్ట గూడు దొరికింది, ఖాళీదే. వాడు దాన్ని పుస్తకాల అరలో పెట్టుకున్నాడు.

కోసిన కొమ్మల విషయం. వాటిని వీధి చివర కుప్పగా పడేయకండి. ఎండిన నిమ్మముల్లు పచ్చిదాని కన్నా గట్టిది, సైకిల్ టైరులోకి దిగుతుంది, ఆవు కాలిలోకీ దిగుతుంది. మేం ముక్కలు చేసి రెండు గోనెసంచుల్లో కుక్కి మున్సిపాలిటీ బండికి ఇచ్చాం. పక్కింటి వాకిలంతా మా వాడు వాళ్లమ్మ వద్దంటున్నా రెండుసార్లు ఊడ్చి వచ్చాడు.

ఈ పత్రికలో చెట్టు గురించి రాస్తున్నానంటే పిల్లల్ని కూడా ఇలాగే కత్తిరించి పెంచాలి అనే మాటకు వస్తానని మీరు అనుకుంటూ ఉండవచ్చు. రాను. చెట్టు చెట్టే. నాకు ఆ పోలిక ఎప్పుడూ నచ్చలేదు. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఆ మూడు రోజులు మా వాడు సెలవుల అసైన్‌మెంట్ ముట్టుకోలేదు. చివరి రెండు రోజులు కూర్చుని పూర్తి చేశాడు, చేతిరాత దారుణంగా ఉంది. మేడమ్ రాసిన ఎర్ర ఇంకు మాట నా దగ్గర ఇంకా ఉంది.

ఫిబ్రవరి మూడో వారానికి చెట్టు పూసింది. అంతకు ముందు బయటి అంచులోనే పూసేది, ఇప్పుడు లోపలి కొమ్మలకు వెలుతురు చేరి అక్కడా పూత కనిపించింది. కొత్త చిగురు మీద పక్షిరెట్టల్లాంటి గొంగళిపురుగులు వచ్చాయి. అవి పెద్దవైతే ఆకుపచ్చగా మారతాయి, పుల్లతో తాకితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు చాచి ఘాటు వాసన వదులుతాయి. నిమ్మ సీతాకోకచిలుక పిల్లలవి. చిన్న మొక్కయితే ఏరేయాలి, పెద్ద చెట్టుకు నాలుగైదు ఉన్నా ఏమీ కాదు. పక్కింటి పాప రోజూ చెప్పులేసుకుని వచ్చి వాటిని పలకరించి పోయేది.

మామయ్య మాట పూర్తిగా వచ్చిందని చెప్పలేను. మంచినీళ్లు ఇప్పటికీ ‘తలుపే’. మేమూ అలవాటు పడ్డాం, తలుపంటే గ్లాసు అందిస్తాం. కానీ చెట్టు దగ్గర కొన్ని మాటలు సరిగ్గా వస్తున్నాయి. చిగురు, ముల్లు, పిందె. ఒకరోజు మా వాడు ఏదో తుంచబోతే, “వద్దబ్బయ్యా, అది కాపుకొమ్మ” అని నిండు వాక్యం అన్నారు. వాడు ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి వాళ్ల నానమ్మకు చెప్పాడు. అత్తయ్య బయటికొచ్చి మళ్లీ అనమంది, ఆయన విసుక్కున్నారు. మాట నేర్పడానికి వచ్చే ఆవిడ, ఆయనకు తెలిసిన పని చేయిస్తూనే మాట్లాడించమంది.

జూలైలో కోసిన కాయలు నిరుటి కన్నా తక్కువే. పెద్ద కొమ్మ పోయింది మరి. వీధి వైపు వదిలిన రెండు కొమ్మలు పక్కకు చీలాయి, వాటికి కాపు రావడానికి ఇంకా టైముంది.

ఇప్పుడు ఆగస్టు. సంక్రాంతి ఐదు నెలల దూరం. అయినా చెట్టు మీద అప్పుడే ఏడు పీలికలు వేలాడుతున్నాయి. వానకు తడిసి, ఎండకు ఎండి, మామయ్య సాయంత్రం నడకలో ఒక్కొక్కటీ తగిలిస్తున్నారు. అందులో ఒకటి నడిమి కొమ్మ మీద ఉంది. అది పోతే నడుమ బోసిపోతుందని మా వాడి వాదన, లోపలికి గాలాడాలని ఆయనది. పోయిన ఆదివారం వాడు ఆ పీలికను తీసేసి ట్యూషన్‌కు వెళ్లాడు. వాడు తిరిగొచ్చేసరికి అదే కొమ్మకు రెండు పీలికలున్నాయి.